రేకు, పోత, లేత్: మోడల్ రైలింజన్ భాగాలకు ఏది ఎప్పుడు

కాజీపేట ప్లాట్‌ఫారం మీద డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ పక్కన నిలబడ్డవాళ్లకు దాని పొడవునా ఉండే హ్యాండ్‌రెయిల్ గుర్తుండే ఉంటుంది. నిజంలో అది పిడికిట్లో ఇమిడే గొట్టం. హెచ్‌ఓ స్కేలుకు, అంటే 87వ వంతుకు కుదిస్తే 0.4 మిల్లీమీటర్ల తీగ. 17 మీటర్ల ఇంజన్ మొత్తం 20 సెంటీమీటర్లలోకి వచ్చేస్తుంది. హారన్ బియ్యపు గింజంత ఉంటుంది. అమెరికా, ఇంగ్లండ్, జపాన్ ఇంజన్లకైతే ఇలాంటి భాగాలు ప్యాకెట్లలో దొరుకుతాయి. మన ఇంజన్లకు చాలావరకు మనమే చేసుకోవాలి, లేదా ఎవరిచేతైనా చేయించుకోవాలి.

ఈ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "ఎచింగ్ మంచిదా, కాస్టింగ్ మంచిదా, త్రీడీ ప్రింట్ కొట్టిస్తే సరిపోతుందా అండీ?" ఎచింగ్ అంటే రేకును రసాయనంతో కరిగించి ఆకారం తీయడం, కాస్టింగ్ అంటే పోత. నేను తిరిగి అడిగేది, అది చివరికి ఏ రంగులో కనబడాలి అని. తిక్క ప్రశ్నలా ఉంటుంది గానీ, ఫినిషింగ్ తేలకుండా లోహం తేలదు, లోహం తేలకుండా పద్ధతి తేలదు. నేను ఇది తలకిందులుగా చేసి నేర్చుకున్నాను. ఇంజన్‌ను పెట్టెలకు కలిపే స్క్రూ కప్లింగ్ లింకులన్నీ ముచ్చటపడి జర్మన్ సిల్వర్ రేకులో ఎచింగ్ చేయించాను. అంచులు కత్తిలా వచ్చాయి. తర్వాత వాటిని నల్లబరచబోతే ఎంతసేపు ముంచినా మచ్చలు మచ్చలుగా గోధుమరంగు దగ్గరే ఆగిపోయాయి. అదే ఇత్తడైతే నిమిషంలో పని అయిపోయేది.

ముందు పూత, తర్వాతే లోహం

మనకు పనికొచ్చే ఫినిషింగులు నాలుగు. పెయింట్, రసాయనంతో నలుపు, ప్లేటింగ్, ఏ పూతా లేకుండా లోహాన్ని అలాగే వదిలేయడం.

పెయింట్ వేసేదైతే మీకు పూర్తి స్వేచ్ఛ. ఇత్తడైనా, తగరం, సీసం కలిసిన తెల్ల లోహమైనా, అసలు లోహమే కాని ప్లాస్టిక్ లాంటి రెజిన్ అయినా రంగు కింద అన్నీ ఒకటే. చేయి తగలని చోట ఉండే భాగానికి రెజిన్ ప్రింట్ చాలు, లోహం కోసం తాపత్రయపడక్కర్లేదు. హ్యాండ్‌రెయిల్, కప్లింగ్, మెట్లు లాంటివి మాత్రం లోహంలోనే ఉండాలి. ఇంజన్ ఎత్తేటప్పుడు వేళ్లు పడేది వాటి మీదే.

నలుపు కావాలంటే ఇత్తడి. ఉక్కు మెరుపు కావాలంటే జర్మన్ సిల్వర్. పేరంటాల్లో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణెల్లో వాడేదే, పైన వెండి పూత లేకుండా. పేరులో సిల్వర్ ఉందిగానీ లోపల ఉండేవి రాగి, జింకు, నికెల్. దాని మీద పెయింట్ గీసుకుపోయినా కింద పసుపు కనబడదు కాబట్టి ఉక్కు రంగులో కనబడాల్సిన వాటికి అది మంచిది. టంకం కూడా చక్కగా అంటుకుంటుంది, వేడి ఇత్తడిలో పాకినంత వేగంగా దాంట్లో పాకదు. ఒక మూల టంకం పెడుతుంటే రెండో మూల ఊడిపోవడం తక్కువ.

రేకు పని: ఎచింగ్

బల్లపరుపుగా ఉండేది, లేదా మడిస్తే వచ్చేది ఏదైనా ఎచింగే. రేడియేటర్ గ్రిల్, మెట్లు, తలుపు కీళ్లు, తయారుచేసినవాళ్ల పేరుండే బిల్డర్స్ ప్లేట్, ఇంజన్ ముందుండే క్యాటిల్ గార్డ్. రేకుకు రెండు వైపులా ఫోటో రెజిస్ట్, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే పొర అంటించి, డ్రాయింగ్ ముద్రించిన ఫిల్మ్ పెట్టి అల్ట్రావయొలెట్ వెలుతురు చూపించి, డెవలప్ చేసి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. రెజిస్ట్ లేని చోట లోహం కరిగిపోతుంది. రెండు వైపుల నుంచీ కరిగిస్తే ఆరపార రంధ్రం. ఒక వైపే కరిగిస్తే సగం లోతు. ఈ సగం లోతులోనే అసలు మజా ఉంది. రివెట్లు, ఉబ్బెత్తు అక్షరాలు, మడత గీతలు అన్నీ దాని వల్లే వస్తాయి. మడత గీత ఎప్పుడూ లోపలి వైపుకు రావాలి. బయటి వైపు వచ్చేలా మడిస్తే రేకు అక్కడే తెగుతుంది.

డ్రాయింగ్ గీసేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి. రేకు మందం కన్నా సన్నని రంధ్రం గానీ, సన్నని కడ్డీ గానీ గీయొద్దు. ద్రావకం లోతుకే కాదు, పక్కలకూ తింటుంది. 0.3 రేకులో 0.2 చీలిక గీస్తే, అది పూర్తిగా తెరుచుకునేలోపు పక్కనున్న కడ్డీ సన్నబడిపోతుంది. అందుకే గ్రిల్‌కు 0.2 రేకు, మిగతా వాటికి 0.3, బరువు మోసే ఫ్రేములకు 0.4 లేదా 0.5 వాడతాను.

మన స్టేషన్ బోర్డు చేయాలనుకునేవాళ్లకు ఈ నియమం మరీ ముఖ్యం. ఇంగ్లిష్ అక్షరాలు సన్నబడినా చదవగలం. "జంక్షన్" అన్న మాటలో క కింద ష వొత్తు మూడు మిల్లీమీటర్ల అక్షరంలో ఎంతుంటుందో ఊహించుకోండి. అక్షరాలను ఆరపార కాకుండా సగం లోతు ఎచింగ్‌లో ఉబ్బెత్తుగా ఉంచి, వొత్తుల గీతను చేత్తో కాస్త లావు చేస్తే నిలబడతాయి. కంప్యూటర్ ఫాంటును యథాతథంగా పంపితే తలకట్లు మాయం.

ఇంట్లో చేయొచ్చా? చేయొచ్చు. ఫెర్రిక్ క్లోరైడ్ సర్క్యూట్ బోర్డులకు వాడేదే, కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరుకుతుంది. డ్రై ఫిల్మ్ రెజిస్ట్‌ను వాషింగ్ సోడా నీళ్లతోనే డెవలప్ చేయొచ్చు. కష్టమల్లా రెండు వైపుల ఫిల్ములూ వెంట్రుక వాసి తేడా లేకుండా కలిసేలా పెట్టడం. ప్లాస్టిక్ డబ్బాలోనే చేయండి. స్టీలు గిన్నె, అల్యూమినియం గిన్నె రెండూ దానికి ఆహారమే. వాడిన ద్రావకాన్ని సింకులో పోయకండి, అందులో కరిగిన రాగి ఉంటుంది. నేను మొదటిసారి బాత్రూంలో చేస్తే టైల్స్ మీద పడ్డ తుప్పు మరక ఇప్పటికీ ఉంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చూపించి మరీ చెబుతుంది.

ఒకటి రెండు చిన్న షీట్లయితే ఇంట్లో. అంతకు మించితే, నేమ్‌ప్లేట్లూ పారిశ్రామిక జల్లెళ్లూ ఎచింగ్ చేసేవాళ్లకు ఇవ్వండి. వాళ్లు లెక్కకట్టేది షీటుకు, ముక్కకు కాదు. కాబట్టి షీటులో ఖాళీ లేకుండా నింపండి. గ్రిల్ ఒక్కటే కావాలంటే ఇంకో దారి ఉంది. సర్క్యూట్ బోర్డుల వాళ్లకు స్టెన్సిళ్లు కోసేవాళ్లు 0.12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకును లేజర్‌తో కోసిస్తారు. సగం లోతు ఉండదు, మామూలు ఫ్లక్స్‌తో, అంటే టంకం పట్టేందుకు రాసే పదార్థంతో, టంకం అంటదు. పెయింట్ వేసే గ్రిల్‌కు మాత్రం చవకైన ఉపాయం.

గుండ్రంగా ఉంటే లేత్

ఇంజన్ చివర్లలో తాకిడిని తట్టుకునే బఫర్లు, హ్యాండ్‌రెయిల్‌ను పట్టి ఉంచే నాబులు, పైపుల చివరలు గుండ్రటివి. గుండ్రటి వస్తువును పోత పోయించడం నాకు ఎప్పుడూ నచ్చదు. అతుకు గీత ఎక్కడో ఒకచోట కనబడుతుంది, కోలగా కూడా రావచ్చు. కడ్డీ తిప్పి చెక్కితే వచ్చే గుండ్రానికి సాటి లేదు.

షాపులో "లేత్ పనికి ఇత్తడి" అని అడిగితే సీసం కలిపిన ఫ్రీ కటింగ్ ఇత్తడి ఇస్తారు. ఐఎస్ 319 రకం అదే. తిప్పుతుంటే పొట్టు రవ్వలా రాలుతుంది, చుట్టలు చుట్టుకోదు. కానీ ఇది మడవడానికి పనికిరాదు, విరుగుతుంది.

పెద్ద పనులు చేసే లేత్ షాపుకు ఐదు మిల్లీమీటర్ల బఫర్ తీసుకెళ్తే, అరచేతిలో పెట్టుకుని చూసి "ఇది చక్‌లో పట్టదు సార్" అంటాడు. అతని తప్పేం లేదు. గుజరాత్‌లోని జామ్‌నగర్ ఇత్తడి భాగాలకు పెట్టింది పేరు, అక్కడ ఇంతకన్నా చిన్నవి కూడా చేస్తారు. కానీ వాళ్లకు వేలల్లో ఆర్డర్ ఉండాలి, మనకు కావాల్సింది నాలుగు. కాబట్టి చిన్న హాబీ లేత్ కొనుక్కోవాలి, లేదంటే నాలాగా మొదలుపెట్టాలి.

నా పద్ధతి ఇది. హ్యాండ్ డ్రిల్‌ను వైస్‌లో అడ్డంగా బిగిస్తాను. కొళాయి బిగించినట్టు కాదు, బాడీ పగలకుండా గుడ్డ చుట్టి. చక్‌లో ఐదు మిల్లీమీటర్ల కడ్డీ. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క అంచును బఫర్ తల వంపుకు సరిపోయేలా గ్రైండ్ చేసి పెట్టుకున్నాను. డ్రిల్ తిరుగుతుండగా ముందు సన్న ఆకురాయితో కాడను తగ్గించి, చివర్లో ఆ బ్లేడు ముక్కను ఆనిస్తే తల వంపు దిగుతుంది. ఆకురాయితోనే తల వంపు కూడా తీయొచ్చు కదా అంటారేమో. ఒకటి అద్భుతంగా వస్తుంది, రెండోది దాని తమ్ముడిలా వస్తుంది. బఫర్లు జంటగా, పక్కపక్కనే ఉంటాయి. 0.1 తేడా కూడా కంటికి తగులుతుంది. బ్లేడు ముక్కే అచ్చుగా పనిచేస్తే నాలుగూ కవలలే. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

మీది హెచ్‌ఓ అయితే ఎవరో ఒకరు ఇక్కడ దెప్పుతారు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, 87వ వంతు అంటే 19.3. మనం నడిపేది మాత్రం 16.5 పట్టాల మీద. పట్టాల దగ్గర దాదాపు మూడు మిల్లీమీటర్లు మింగేసి బఫర్ దగ్గర 0.1 కోసం కొట్టుకుంటారా అని. అవును, కొట్టుకుంటాం.

గడ్డలా ఉంటే పోత

హారన్, హెడ్‌లైట్ గూడు, బ్రేక్ సిలిండర్, వాల్వులు. రేకూ కాదు, గుండ్రమూ కాదు. వీటికి మైనం పోత. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు చేసేది ఈ సూత్రం మీదే. మట్టి మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చితే మైనం కారిపోయి ఆ ఖాళీలోకి లోహం వెళ్తుంది. మన బియ్యపు గింజకు కావాల్సింది అదే సూత్రం, నగల పని చేసేవాళ్ల చేతిలో. వాళ్లు మైనం ముక్కలను చెట్టు కొమ్మలకు కాయల్లా అతికించి, చుట్టూ ప్లాస్టర్ లాంటి ఇన్వెస్ట్‌మెంట్ పోసి, కొలిమిలో మైనాన్ని కాల్చేసి లోహం పోస్తారు. వేలిముద్ర గీతలు కూడా దిగేంత వివరం వస్తుంది.

ఒకప్పుడు మైనంలో చేత్తో చెక్కేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్లో గీసి, కాస్టబుల్ రెజిన్‌లో ప్రింట్ తీసి ఇస్తే చాలు. కాస్టబుల్ అన్న మాట అండర్‌లైన్ చేసుకోండి. మామూలు గ్రే రెజిన్ ప్రింట్ ఇస్తే అది మైనంలా కారిపోదు. ఉబ్బి ఇన్వెస్ట్‌మెంట్‌ను చిట్లిస్తుంది, బూడిద మిగులుస్తుంది. లోహం మీద గుంటలూ రెక్కలూ వస్తాయి. షాపువాడు మీ డిజైన్ బాలేదంటాడు, మీరు వాడి పోత బాలేదంటారు.

కుంచించుకుపోవడం గురించి చాలామంది టెన్షన్ పడతారు. ప్రింట్ నుంచి నేరుగా పోసేటప్పుడు రెండు శాతం అటూ ఇటూ, మధ్యలో రబ్బరు మోల్డ్ ఉంటే ఇంకాస్త. ఐదు మిల్లీమీటర్ల హారన్‌లో రెండు శాతం అంటే 0.1. వదిలేయండి. బోగీ (ఇక్కడ రైలు పెట్టె కాదు, ఇంజన్ కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం) సైడ్‌ఫ్రేమ్ లాంటి పొడవాటి దానికి మాత్రం లెక్కేసి పెద్దగా గీయాలి.

ఇంకో చిక్కు, బంగారం పోసే షాపులు చాలావరకు ఇత్తడి పోయవు. ఇత్తడిలోని జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగగా లేస్తుంది, మూసను పాడు చేస్తుంది. వాళ్ల భయం న్యాయమైనదే. నాలుగైదు హారన్లే కావాలంటే వెండిలో పోయమని అడగండి. నవ్వకండి, లెక్క చూడండి. ఐదు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల లావు ఉన్న ముక్క పావు గ్రాము కూడా తూగదు. ఎలాగూ పెయింట్ వేస్తాం, కింద ఏముందో మనకే తెలియాలి. యాభై, వంద కావాలంటే అప్పుడు ఇమిటేషన్ నగలకు ఇత్తడి పోసేవాళ్లను వెతకండి.

ఒక చిన్న కిటుకు. లోహం లోపలికి వెళ్లే కాడను ఎక్కడ పెట్టాలో షాపుకు వదలకండి. భాగం ఇంజన్‌కు అతికే వైపే పెట్టి, దాన్ని 0.8 మిల్లీమీటర్ల లావున గీయండి. పోత అయ్యాక దాన్నే పొట్టిగా కోస్తే బిగించుకునే మేకు అవుతుంది. అరగదీసే పని తప్పుతుంది, అతుకూ గట్టిగా ఉంటుంది. అంత సన్న కాడలోంచి లోహం పారదని షాపువాడు అంటే, రెండు కాడలు పెట్టండి.

తెల్ల లోహం, అంటే తగరం, సీసం, యాంటిమొనీ మిశ్రమం, రబ్బరు అచ్చుల్లో తిప్పి పోసేది, ఇంగ్లండ్ కిట్లలో ఎక్కువ. అంచులు మొద్దుగా వస్తాయి, మామూలు టంకం వేడికి ముక్కే కరిగిపోతుంది. 70 డిగ్రీలకు కరిగే ప్రత్యేక టంకం కావాలి. ఇంజన్‌కు బరువు పెంచాలంటే తప్ప ఇప్పుడు నేను దాని జోలికి పోను. సీసం ఉన్నదైతే చేతులు కడుక్కునే తినండి, పిల్లలకు ఇవ్వకండి. నేరుగా లోహంలో త్రీడీ ప్రింట్ తీయడం వినడానికి బాగుంటుంది, హెచ్‌ఓ సైజులో దాని ఇసుక గరుకు పెయింట్ కింద కూడా కనబడుతుంది.

శుభ్రం చేశాకే పూత

ఏ పూతకైనా ముందు జరగాల్సింది అమ్మమ్మ పూజ సామాను తోమిన పనే. చింతపండు రసంలో ఉండే ఆమ్లం ఇత్తడి మీది నలుపును తినేస్తుంది. నేను నిమ్మ ఉప్పు వాడతాను, పిప్పి ఉండదు కాబట్టి. గోరువెచ్చని నీళ్లలో చెంచాడు కలిపి, ముక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లలో కడిగి, ఆ తర్వాత చేత్తో ముట్టకుండా పటకారుతోనే. టంకానికి వాడిన ఆమ్లపు ఫ్లక్స్ ఎక్కడైనా మిగిలితే వానాకాలం వచ్చేసరికి పెయింట్ కింద నుంచి పచ్చగా చిలుము పొడుచుకొస్తుంది. వంటసోడా నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే ఆ బెడద ఉండదు.

నల్లబరచే ద్రావకం సెలీనియం సమ్మేళనాలతో చేసింది, విషం. గ్లౌజులు వేసుకుని, కిటికీ తెరిచి, వంటింటి గిన్నెలు వాడకుండా చేయండి. సీసాలోంచి చిక్కగా పోస్తే పది సెకన్లలో బొగ్గులా నల్లబడుతుంది, వేలితో తుడిస్తే మసిలా ఊడి వస్తుంది. అదే నాలుగు పాళ్ల నీళ్లు కలిపి నెమ్మదిగా చేయండి. బఫర్ ముందు రాగి రంగుకు, తర్వాత ముదురు గోధుమకు, చివరికి నీలం ఛాయ ఉన్న నలుపుకు తిరుగుతుంది. అక్కడ తీసి, కడిగి, ఆరాక ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ గుడ్డకు రాసి తుడిస్తే గ్రీజు పట్టిన ఉక్కులా కనబడుతుంది. ఏ పెయింటూ ఆ రూపు ఇవ్వలేదు. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. టంకం పడ్డ చోట నలుపు వేరేగా వస్తుంది, కాబట్టి నల్లబరచే ముక్కల్లో అతుకులు తగ్గించండి. చక్రాల ముఖాన్ని నల్లబరచండి గానీ పట్టాకు తగిలే అంచును తాకనివ్వకండి, కరెంటు అందేది అక్కడి నుంచే.

ప్లేటింగ్ నాకు అరుదుగా అవసరమవుతుంది. నికెల్ పూత కొన్ని మైక్రాన్లే కాబట్టి వివరాలు పూడవు. ప్రమాదం పూతలో లేదు, పూతకు ముందు తిరిగే చక్రం మీద రుద్ది మెరుగు పెట్టే బఫింగ్‌లో ఉంది. ఒక షాపులో నా మెట్ల సెట్ ఇస్తే, నున్నగా ఉండాలని మంచి మనసుతో బఫ్ వీల్ మీద పెట్టారు. రివెట్లన్నీ మాయం, రెండు ముక్కలు ఎటు ఎగిరిపోయాయో వాళ్లకే తెలియదు. అందుకే ముక్కలన్నీ సన్న రాగి తీగకు గుచ్చి, బఫ్ చేయొద్దని చీటీ మీద రాసి ఇవ్వండి. మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లకు ఇది తేలిక. అక్కడి చిలకలపూడి నగల పనివాళ్లకు ఇంత చిన్నవాటికి పూత వేయడం రోజువారీ పని.

పెయింట్‌కు కింద ఎచ్ ప్రైమర్, అంటే లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ప్రైమర్ తప్పదు. మామూలు ప్రైమర్ ఇత్తడి నుంచి గోటితో గీకితే ఊడొస్తుంది. కార్లకు వాడే స్ప్రే డబ్బాతో రెండు కోట్లు దట్టంగా కొడితే సగం లోతు ఎచింగ్‌లో తెచ్చుకున్న రివెట్లు వరద నీళ్లలో గట్లలా మునిగిపోతాయి. ఎయిర్‌బ్రష్‌తో పల్చగా కొట్టండి. తేమ ఎక్కువున్న రోజు లాకర్ (త్వరగా ఆరే పెయింట్) కొడితే పాలపొరలా తెల్లబడుతుంది. విశాఖ, బందరు వాళ్లు వాన పడే రోజు వదిలేసి ఎండ కాసే రోజు పెట్టుకోవడం మంచిది.

ఒక డబ్ల్యూడీఎం-2కు నా ఎంపికలు

హ్యాండ్‌రెయిల్ 0.4 ఇత్తడి తీగ, దాని నిలువు కడ్డీలు 0.3 రేకు ఎచింగ్, పెయింట్. ఈ కడ్డీలను చాలామంది లేత్ మీద చేస్తారు. డజన్లకొద్దీ కావాలి కాబట్టి నేను ఎచింగ్‌కే ఓటేస్తాను. గ్రిల్ 0.2 రేకు, పెయింట్. బఫర్లు చేత్తో తిప్పినవి, తల మాత్రం నలుపు. హారన్లు వెండి పోత, పెయింట్. కప్లింగ్ ఇత్తడి, నలుపు. బోగీ సైడ్‌ఫ్రేములకు అసలు లోహమే వద్దు. ఈ ఇంజన్ ఆల్కో డిజైన్ కాబట్టి అమెరికన్ ఆల్కో ఆరు ఇరుసుల ఇంజన్ల మోడళ్ల ప్లాస్టిక్ ఫ్రేములు ముందు చూసుకోండి, కొద్ది మార్పులతో సరిపోతాయి.

బిల్డర్స్ ప్లేట్‌కు మాత్రం ఇత్తడి, పెయింట్, ఖాళీ లోహం మూడూ ఒకేచోట కావాలి. షీటులోంచి కత్తిరించకముందే మొత్తం మీద రంగు కొట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, 1,200 నంబరు ఎమరీ పేపరును అద్దం ముక్కకు అంటించి, ప్లేటును దాని మీద బోర్లా పెట్టి ఒక్క వేలితో నాలుగుసార్లు లాగండి. అక్షరాల తలలు మాత్రమే పసుపుగా బయటపడతాయి. ఐదోసారి లాగాలనిపిస్తుంది. లాగకండి.